అమ్మ హీటరు రీడింగు

అమ్మ పోయిన ఇరవై మూడో రోజున నాన్న మొదటిసారి ఒక పూర్తి వాక్యం మాట్లాడాడు.

"ఆ హీటరు రెసిస్టెన్సు ఎంతుందో చూసి చెప్పు" అన్నాడు.

అంతకుముందు ఇరవై రెండు రోజులూ ఆయన మాట్లాడిన మాటలు ఒక చేతి వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. ఊఁ, వద్దు, తర్వాత, తలుపు వెయ్యి. అన్నం పెడితే నాలుగు మెతుకులు కదిపి చెయ్యి కడుక్కునేవాడు. మనిషి సగమయ్యాడు. చొక్కా మెడ దగ్గర నా పిడికిలి పట్టేంత ఖాళీ కనిపించేది. నేను ఎదురుగా కూర్చుని నా కంచం ఖాళీ చేసేదాన్ని. ఆకలి వేసి కాదు. కంచంలో ఉంది కాబట్టి తినేదాన్ని. ఏడుపు కూడా రాలేదు. పరామర్శకి వచ్చినవాళ్ళు నన్ను చూసి "గుండె రాయి చేసుకుంది పాపం" అనుకుని వెళ్ళారు. నేనేమీ చేసుకోలేదు. అదే అలా అయింది. మొద్దుబారిపోయింది.

నాన్న ఆ రీడింగు ఎందుకు అడిగాడో నాకు వెంటనే అర్థమైంది. అంటే, అర్థమైందనుకున్నాను. హీటరు తీగ కోసింది ఆయనే. ఎక్కువ కోసేశానేమో, అందుకే మంటలొచ్చాయేమో, కట్టుకున్నదాన్ని తన చేతులతో చంపుకున్నానేమో అని లోపల్లోపల నలిగిపోతున్నాడు. ఆ అనుమానం తీరితే తప్ప ఈ మనిషి తినడు, బతకడు. అది తీర్చే అంకె ఆ హీటరులో ఉంది. కాకపోతే అంకె బయటికొస్తే దానితోపాటు నా సంగతి కూడా బయటికొస్తుంది.

నాన్న పాలిటెక్నిక్‌లో ముప్పై రెండేళ్ళు ఎలక్ట్రికల్ ల్యాబ్ ఇన్‌స్ట్రక్టరు. కుర్రాళ్ళు ఆయన్ని సున్నాల మాస్టారు అనేవాళ్ళు. మొదటి సంవత్సరం మొదటి ప్రయోగం ఏ ఊళ్ళోనైనా ఒకటే. తీగకి ఇంత వోల్టేజీ ఇస్తే ఇంత కరెంటు పోతోంది. వోల్టేజీని కరెంటుతో భాగిస్తే రెసిస్టెన్సు. రెండింటినీ గుణిస్తే పవరు. చిన్నపిల్లలు కూడా చేస్తారు. కానీ సోమరిపోతులు అది కూడా చేయరు. పుస్తకంలో ఉన్న జవాబు పట్టుకుని వెనక్కి లెక్క కట్టి రీడింగులు రాసేస్తారు. నాన్న వాటిని కట్టు రీడింగులు అనేవాడు. నిజం రీడింగు ఎప్పుడూ కాస్త అటూ ఇటూ ఉంటుంది, అబద్ధమే అచ్చు గుద్దినట్టు సరిపోతుంది అని ఆయన సిద్ధాంతం. అది తెలిసిన తెలివైనవాళ్ళు ఒక వరస కాస్త ఎక్కువ, ఒక వరస కాస్త తక్కువ రాసి తెచ్చేవాళ్ళు. తాడిని తన్నేవాడుంటే వాడి తల తన్నేవాడుంటాడు కదా. "ఎక్కువా తక్కువా ఇంత క్రమశిక్షణతో వచ్చాయేంటి నాయనా, కవాతు చేస్తున్నాయా?" అని వాళ్ళకీ సున్నా వేసేవాడు.

ఇంట్లో మాత్రం ఆయన లెక్కలు ఎవరూ వినేవాళ్ళు కాదు. అమ్మకి ఎప్పుడూ చలి. నాన్న గోడ మీద థర్మామీటరు చూపించి గది వెచ్చగానే ఉందని రుజువు చేస్తే, "మీ లెక్కలో ఇల్లు వెచ్చగానే ఉంటుంది. నా కాళ్ళకే లెక్కలు రావు, ఏం చేయమంటారు?" అనేది. రెండు జతల మేజోళ్ళు వేసుకుని, దుప్పటి కప్పుకుని, మంచం పక్కన హీటరు పెట్టుకుని, అయినా కాళ్ళు రుద్దుకుంటూ కూర్చునేది.

ఆ హీటరు నా కన్నా పదేళ్ళే చిన్నది. పింగాణీ పలకలో గాడులు, ఆ గాడుల్లో స్ప్రింగులా చుట్టిన తీగ. చలికాలం మొదట్లో ఆ తీగ ఒక చివర తెగిపోయింది. నాన్న స్క్రూడ్రైవరు పట్టుకుని కూర్చున్నాడు.

"తెగిన ముక్క తీసేసి, మిగిలింది సాగదీసి బిగిస్తా" అన్నాడు.

"అసలే అంతంత మాత్రం. తీగ తగ్గితే వేడి కూడా తగ్గదూ?" అంది అమ్మ.

నాన్న మొహం వెలిగిపోయింది. ముప్పై రెండేళ్ళలో దొరకని విద్యార్థి ఇంట్లోనే దొరికిందన్నంత సంబరం.

"అందరూ చేసే పొరపాటే ఇది. తీగ పొడుగ్గా ఉంటే కరెంటుకి అడ్డం ఎక్కువ. కోస్తే అడ్డం తగ్గుతుంది. మనింటికొచ్చే వోల్టేజీ అలాగే ఉంటుంది, రెండు వందల ముప్పై. అడ్డం తగ్గింది కాబట్టి కరెంటు ఎక్కువ పోతుంది. ఎక్కువ పోతే వేడెక్కువ. తెలిసిందా?"

"మొత్తానికి కోస్తే వేడి పెరుగుతుందంటారు. ఆ ఒక్క ముక్క చెప్పడానికి ఇంత పాఠమా! అయితే ఇంకాస్త కొయ్యండి."

నాన్న క్యాలెండరు కాగితం వెనక లెక్క వేశాడు. హీటరు మీద వెయ్యి వాట్లని రాసి ఉంది. అంటే నాలుగు పాయింట్ మూడు ఆంపియర్లు, యాభై మూడు ఓములు. మూడో వంతు తీగ తీసేస్తే ముప్పై అయిదు ఓములు, ఆరున్నర ఆంపియర్లు, పదిహేను వందల వాట్లు. కోశాడు, బిగించాడు, పెట్టాడు. అరగంటకి అమ్మ పై జత మేజోళ్ళు విప్పేసి, "ఇన్నాళ్ళకి మీ లెక్క నా కాళ్ళ దాకా వచ్చిందండీ" అంది. నాన్న ఆ రోజంతా కాలరెగరేసుకుని తిరిగాడని అమ్మే తర్వాత చెప్పింది.

సాయంత్రం నేను పని నుంచి వచ్చి చెప్పులు విప్పుతుంటే గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"అమ్మ మంచం వెనక సాకెట్టు ఐదు ఆంపియర్లది. హీటరు ఇప్పుడు ఆరున్నర లాగుతోంది. పదిహేను ఆంపియర్లది ఒకటి తెచ్చి వెయ్యి."

"ఆదివారం వేస్తాలే నాన్నా" అన్నాను.

నేను పనిచేసేది ఇంటి సామాన్ల సర్వీసు సెంటరులో. ఇస్త్రీ పెట్టెలు, కెటిళ్ళు, గీజర్లు బాగుచేయడం, ఇళ్ళకి వెళ్ళి వైరింగు చూడటం నా పని. పదిహేను ఆంపియర్ల సాకెట్లు నా బల్ల కింద సొరుగు నిండా ఉంటాయి. ఊళ్ళో ఎవరింట్లో సాకెట్టు నల్లబడ్డా నేనే వెళ్ళి మార్చి, ఇలా వదిలేస్తే ప్రమాదమండీ అని ఓ ఉపన్యాసం కూడా ఇచ్చి వస్తాను. ఇంట్లో ఈగల మోత, బయట పల్లకీల మోత అని నాలాంటి వాళ్ళని చూసే అని ఉంటారు. మొదటి ఆదివారం నిద్రపోయాను. రెండో ఆదివారం అమ్మే "ఇవాళ వద్దులే, మంచం జరపాలి, నాకు ఓపిక లేదు" అంది. మూడో ఆదివారానికి సాకెట్టు తెచ్చి సంచిలో పెట్టుకున్నాను, సంచిలోనే ఉంది. నాలుగో ఆదివారం ఏం చేశానో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు. ఏమీ చేయలేదనుకుంటా.

ఆ తర్వాతి మంగళవారం మధ్యాహ్నం భోజనం చేసి అమ్మ పడుకుంది. నాన్న జుట్టు కత్తిరించుకోవడానికి వెళ్ళాడు. మంచం తలవైపు, గోడకీ పరుపుకీ మధ్య, సాకెట్టు వేడెక్కి వేడెక్కి కరిగింది. పక్కనే కర్టెను. కర్టెను తర్వాత పరుపు. పరుపు మండిన దానికన్నా పొగ వదిలిందే ఎక్కువ. అమ్మ నిద్రలోనే పోయిందని, ఆమెకేమీ తెలిసి ఉండదని డాక్టరు చెప్పాడు. అలా చెప్పడం వాళ్ళకి అలవాటేమో నాకు తెలియదు. నమ్మాను.

ఫోను వచ్చినప్పుడు నేను ఒక కెటిల్‌ని మీటరు మీద పెట్టి చూస్తున్నాను. విన్నాను. ఫోను పెట్టేశాను. కెటిల్ రీడింగు పుస్తకంలో రాసి, తేదీ వేసి, అప్పుడు బయల్దేరాను. ఎందుకలా చేశానో ఇప్పటికీ చెప్పలేను.

ఫైర్ ఆఫీసరు షార్ట్ సర్క్యూట్ అని రాసుకుని వెళ్ళాడు. మంట ఎక్కడ పుట్టినా వాళ్ళు అదే రాస్తారు. షార్ట్ అయితే ఫ్యూజు పోయేది. ఇది అది కాదు. పాత సాకెట్టులో రేకు వదులైంది, ప్లగ్గు సరిగ్గా అతకడం లేదు. ఆ అతుకు దగ్గర ఒక అర ఓము అడ్డం ఉందనుకోండి. ఆరున్నరని ఆరున్నరతో గుణిస్తే నలభై రెండు. అందులో సగం ఇరవై ఒకటి. ఇరవై ఒక్క వాట్లు. నేను రోజూ వాడే సోల్డరింగ్ ఐరన్ పాతిక వాట్లది, దాని మొనకి సీసం నీళ్ళలా కరుగుతుంది. అలాంటిదాన్ని తీసుకెళ్ళి అమ్మ తల వెనక ప్లాస్టిక్ డబ్బాలో దోపినట్టే. ఈ లెక్క నేను ఆసుపత్రి వరండాలో నిలబడి వేశాను. లెక్క సరిగ్గా వచ్చింది. పదిహేను ఆంపియర్ల సాకెట్టుకి ఆరున్నర ఒక లెక్క కాదని కూడా అక్కడే అనుకున్నాను.

ఆ వారంలో ఇంట్లో సాకెట్లన్నీ మార్చేశాను. వంటింట్లో నిచ్చెన మీద ఉండగా పక్కింటి పిన్ని టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చింది. నన్ను చూసి, "చేతులు కాలాక ఆకులు పట్టుకుని ఏం లాభమే తల్లీ" అనేసింది. అని, నాలుక కరుచుకుని, ఫ్లాస్కు బల్ల మీద పెట్టి ఏడుస్తూ వెళ్ళిపోయింది. ఆవిడ తప్పేం లేదు. నోట్లో ఉన్న సామెత, వచ్చేసింది. నేను మిగిలిన స్క్రూలు బిగించి దిగాను. టీ చల్లారకముందే తాగాను.

నాన్నకి పోయిన ఏడాది నుంచి మతిమరుపు. కళ్ళజోడు పెట్టుకునే కళ్ళజోడు వెతుక్కుంటాడు. పక్కింటి పిన్నిని చచ్చిపోయిన మా అత్త పేరుతో పిలుస్తాడు. ఆ ఇరవై రెండు రోజుల్లో సాకెట్టు మాట ఒక్కసారి కూడా ఎత్తలేదు. గుమ్మంలో నాతో అన్నది ఆయనకి గుర్తులేదని తేల్చుకున్నాను. గుర్తుంటే అడగడూ? అడగడానికి అంతకన్నా ఏం కావాలి?

నాన్న రీడింగు అడిగిన మర్నాడు హీటరుని గోనెసంచిలో పెట్టుకుని సెంటరుకి తీసుకెళ్ళాను. పై రేకు మసి పట్టింది, ప్లగ్గు కరిగి ముద్దయింది. లోపల పలక, తీగ మాత్రం చెక్కుచెదరలేదు. బల్ల మీద పెట్టగానే పక్క బల్ల టోస్టరు వచ్చి చూశాడు. అయినదానికీ కానిదానికీ ఎగిరిపడతాడని అతనికి ఆ పేరు మేమే పెట్టాం.

"ఇదేంటక్కా, తుక్కులో వెయ్యాల్సింది. ఇది రిపేరుకి రాదు."

"రిపేరుకి కాదు. రీడింగుకి."

ఎవరి హీటరో అతనికి అప్పుడు అర్థమైంది. ఎగిరిపడే మనిషి కిక్కురుమనకుండా తన బల్ల దగ్గరికి వెళ్ళి, కాసేపు ఉండి, నా బల్ల మీద ఒక టీ గ్లాసు పెట్టి పోయాడు. ఆ రోజంతా నాతో మెల్లగా మాట్లాడాడు. నాకు విసుగొచ్చింది.

వైరు కోసి, మీటరు రెండు మొనలూ తీగ రెండు చివర్లా ఆనించాను. ముప్పై అయిదు పాయింట్ నాలుగు. నాన్న క్యాలెండరు వెనక వేసిన లెక్కకి వెంట్రుకవాసి తేడా. తర్వాత దాన్ని కరెంటుకి కలిపాను. రెండు వందల ఇరవై ఆరు వోల్టులు, ఆరు పాయింట్ మూడు ఆంపియర్లు. తీగ మెల్లగా ఎర్రబడింది. చేతులు చాచి దాని ముందు కూర్చున్నాను. అమ్మ కాళ్ళు వెచ్చబెట్టిన వేడి ఇదే కదా, ఇప్పుడైనా ఏమైనా అనిపిస్తుందేమో అని చూశాను. చేతులు వెచ్చబడ్డాయి. అంతే. ఆరుసార్లు మళ్ళీ మళ్ళీ కొలిచాను. అంకె అటూ ఇటూ కదలడమే తప్ప మారలేదు.

నాన్న తప్పేమీ లేదు. కోసింది కొలత ప్రకారమే కోశాడు. ఆయనకి ఆ ఒక్క మాటే చాలు. కానీ ముప్పై అయిదని చెప్తే ఆయన ఊరుకోడు. ఆరున్నర ఆంపియర్లా, మరి సాకెట్టు ఎంతది అంటాడు. ఐదు అంటాను. తెలిసి తెలిసి ఐదు ఆంపియర్ల సాకెట్టుకి ఎలా తగిలించాను, నాకు బుద్ధుండక్కర్లేదా అని తలకొట్టుకుంటాడు. అప్పుడు నేను నోరు విప్పాలి. విప్పకపోతే ఆయన నా తప్పు మోస్తాడు, విప్పితే నేనిక ఆయన మొహం చూడలేను.

అందుకని మూడో దారి వెతికాను. తీగ యాభై ఒకటుందని చెప్తాను. నువ్వు తెగిన చివర గోరంత ముక్కే తీశావు నాన్నా, ఎక్కువ కోశాననుకోవడం నీ మతిమరుపు అంటాను. యాభై ఒకటంటే నాలుగున్నర ఆంపియర్లు. సాకెట్టుకి సరిపోతుంది. సాకెట్టు పాతది, ఖర్మ కొద్దీ కాలింది. ఎవరి తప్పూ లేదు.

సెంటరు రీడింగు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి అయిదు వరసలు రాశాను. రెండు వందల ఇరవై ఎనిమిది వోల్టులు, నాలుగు పాయింట్ నాలుగు. రెండు వందల ఇరవై నాలుగు, అదే నాలుగు పాయింట్ నాలుగు. ఎక్కడా కవాతు కనిపించకుండా ఒకచోట రెండు వరసలు వెంట వెంటనే పెంచాను, ఒకచోట ఒక అంకె కొట్టేసి దిద్దాను. కట్టు రీడింగులు పట్టుకునే మనిషి కూతుర్ని, ఆ మాత్రం రాదా. పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టు రాసేశాను. సిగ్గు కూడా వేయలేదు, సిగ్గుపడటానికి లోపల ఎవరో ఒకరు ఉండాలి కదా.

సాయంత్రం అన్నం వడ్డించి, కంచం పక్కన ఆ కాగితం పెట్టాను. నాన్న కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. వేలితో ఒక్కో వరసా వెంటాడుతూ, పెదవులు కదుపుతూ, ఒక్కోదాన్నీ మనసులోనే భాగించుకుంటూ పోయాడు. ఇన్నాళ్ళకి ఆయన కళ్ళు ఒకచోట నిలబడటం చూశాను.

"బాగా రాశావు" అన్నాడు చివరికి. "కవాతు లేదు. కొట్టివేత కూడా పెట్టావు. నా స్టూడెంట్లలో ఒక్కడికి కూడా ఇంత తెలివి లేకపోయింది."

లేచి తన గదిలోకి వెళ్ళాడు. సొరుగు లాగిన చప్పుడు వినబడింది. తిరిగొచ్చి కాగితం మీద ఒక తీగ ముక్క పెట్టాడు. స్ప్రింగులా చుట్టిన తీగ, చిటికెన వేలంత.

"నేను కోసిన ముక్క ఇది. కోసిన రోజే కొలిచాను. పదిహేడున్నర ఓములు. యాభై మూడులోంచి పదిహేడున్నర తీస్తే ఎంత తల్లీ?"

దొంగకి తేలు కుట్టినట్టయింది.

"ముప్పై అయిదున్నర" అన్నాను.

"నీకు ఎంత వచ్చింది?"

"ముప్పై అయిదు పాయింట్ నాలుగు." ఇంక దాచడానికేముంది. "నీ లెక్క ఎక్కడా తప్పలేదు నాన్నా. నువ్వు అనుకున్నంతే కోశావు, ఒక్క చుట్టు కూడా ఎక్కువ కొయ్యలేదు. నీ వల్ల ఏమీ కాలేదు."

ఆయన తేలికపడతాడని చూశాను. భుజాలు దిగుతాయని, ఒక ముద్దయినా తింటాడని. ఆయన మొహం ఇంకా పాలిపోయింది.

"సరిగ్గా చూశావా? వేడికి చుట్లు వాలిపోయి ఒకదానికొకటి తగులుకుని ఉంటాయి. అలా తగిలితే బాగా పడిపోతుంది."

"ఎక్కడా తగల్లేదు."

"ఇంకా తక్కువ రాలేదా? ఇరవై? పదిహేను? పోనీ ఒక్కసారైనా పదిహేను కిందకి దిగలేదా?"

"లేదు నాన్నా. ఆరుసార్లు చూశాను."

"మళ్ళీ చూడు" అన్నాడు. బతిమాలుతున్నట్టు అన్నాడు. నా జన్మలో ఆయన ఒక రీడింగు కోసం బతిమాలడం నేను చూడలేదు.

పదిహేను ఓములే ఎందుకు? అలవాటు కొద్దీ నా బుర్ర లెక్క వేసేసింది. రెండు వందల ముప్పైని పదిహేనుతో భాగిస్తే పదిహేను చిల్లర. పదిహేను ఆంపియర్లు. నేను వెయ్యాల్సిన సాకెట్టు. అంతకన్నా ఎక్కువ లాగి ఉంటే ఆ సాకెట్టు వేసినా ఒకటే, వెయ్యకపోయినా ఒకటే.

ఆయన తన తప్పు లేదని తేల్చుకోవడానికి ఆ రీడింగు అడగలేదు. తన తప్పే అని తేల్చుకోవడానికి అడిగాడు.

"సాకెట్టు మార్చమని నాతో చెప్పావు నాన్నా" అన్నాను. ఇన్ని రోజుల్లో ఆ మాట బయటికి అనడం అదే మొదటిసారి. "నాలుగు ఆదివారాలు పోయాయి. నేను మార్చలేదు."

"చెప్పాను. గుర్తుంది."

"మరి ఇన్నాళ్ళూ ఒక్క మాట అనలేదేం?"

"ఏమనమంటావు? ఎదురుగా కూర్చుని మరబొమ్మలా తింటున్నావు. రుచి తెలియదు, ఉప్పు లేదని కూడా తెలియదు. నిన్న కూరలో ఉప్పే లేదు. అలా ఉన్నదాన్ని పట్టుకుని ఏమనను?" కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "నేనే ఎక్కువ కోసేసి ఉంటే బాగుండును. రోజూ అదే కోరుకుంటున్నా. డెబ్బై ఆరేళ్ళవాణ్ణి, నేనెన్నాళ్ళు మోస్తాను? నీకు నలభై కూడా దాటలేదు."

నాన్న నా చొక్కా జేబులోంచి పెన్ను తీసుకున్నాడు. నా అయిదు వరసల మీదా అడ్డంగా ఒక గీత కొట్టాడు, కుర్రాళ్ళ రికార్డుల మీద కొట్టినట్టే. కింద రాశాడు. వోల్టేజీ రెండు వందల ముప్పై. రెసిస్టెన్సు పన్నెండు. భాగించాడు. పంతొమ్మిది పాయింట్ రెండు ఆంపియర్లు. జవాబు కింద గీత గీశాడు.

"ఇదీ రీడింగు. పన్నెండు ఓములు. పంతొమ్మిది ఆంపియర్లు. దానికి పదిహేను ఆంపియర్ల సాకెట్టయినా ఆగదు. నువ్వు మార్చినా కాలిపోయేదే."

ఆ గదికి వెళ్ళే ఫ్యూజు పది ఆంపియర్లది. పెట్టిన రోజున నాన్నే పక్కన నిలబెట్టి నాకు చూపించాడు. హీటరు నిజంగా పంతొమ్మిది లాగి ఉంటే సాకెట్టు కరిగేలోపే ఫ్యూజు పోయేది. హీటరు ఆరిపోయేది. అమ్మ చలికి మెలకువ వచ్చి, మీ లెక్క మళ్ళీ తప్పిందండీ అని విసుక్కుంటూ లేచి కూర్చునేది. ఆ సంగతి నాకు తెలుసు. నాకన్నా ఆయనకి బాగా తెలుసు.

కాగితం నా వైపు తిప్పాడు.

"చూసి చెప్పు. సరిగ్గా ఉందా?"

ఆ అడగడం మాస్టారు అడిగినట్టు లేదు. ఎదుటివాళ్ళు ఏమంటారో తెలియక రికార్డు చేతికిచ్చి నిలబడ్డ కుర్రాడు అడిగినట్టుంది.

"ఉంది నాన్నా" అన్నాను. ఆయనకి వినిపించలేదు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ అన్నాను. "సరిగ్గా ఉంది. పన్నెండే."